పోశం కడుపు, రాజవ్వ గరిటె

ఇంకొంచెం దగ్గరికి జరగండి బిడ్డలారా. అంత దూరంలో గోడకు ఆనుకుని కూర్చుంటే నా మాట సగం ఫ్యాను తినేస్తుంది, మిగిలిన సగం మీ నిద్ర తినేస్తుంది. చాయ్ చేతిలో పట్టుకోండి, కాళ్లు బార్లా చాపుకోండి, ఎవరూ ఏమీ అనరు. దవాఖాన కొలువులోకి కొత్తగా పోతున్నారు కదా, కొందరు ఆయాలుగా, కొందరు నర్సులుగా. ఆ పని నిజంగా ఎట్లా ఉంటుందో చెబుతాను, వినండి.

నా పేరు ఎస్తేరు. గోదావరిఖని బొగ్గుబాయిల దగ్గర ఒక దవాఖానలో ఆయాగా చేరి, నడుము వంగేదాకా అక్కడే ఉన్నాను. బడికి పోయింది రెండో తరగతి దాకానే. పర్మనెంటు ఎప్పుడయ్యాను, జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు నాకు దండ వేశారు, ఇవన్నీ చెప్పను. మీకు వాటితో పని లేదు.

ఆయా పని

ఆయా అంటే చీపురు, బకెట్టు, ఫినాయిలు అనుకుంటారు. అవి ఉంటాయి. ఎంత ఊడ్చినా బొగ్గు దుమ్ము పోదు కాబట్టి మీరు రిటైరయ్యేదాకా ఆ పనికి లోటు రాదు. అసలు పని వేరే ఉంది.

పెద్ద డాక్టరు రౌండుకు వస్తాడు. వెనకాల చిన్న డాక్టర్లు, సిస్టర్లు, ఒక పెళ్లి ఊరేగింపంత ఉంటారు. మంచం మీది మనిషిని ఎట్లా ఉందని అడుగుతారు. బాయిలో బండల కింద బతికి బయటపడ్డ మగాడు కూడా ఆ గుంపును చూసి "మంచిగున్న సార్" అంటాడు. ఊరేగింపు పక్క మంచానికి జరగ్గానే నా కొంగు పట్టుకుని "అక్కా, పాణం పోతున్నది" అంటాడు. ఈ రెండు మాటలకీ మధ్య నిలబడే మనిషే ఆయా. బెడ్‌పాన్ అందించే మనిషి ముందర ఎవరూ గొప్పలు పోరు, అదొక్కటే మన అధికారం.

అయితే మనకు చెప్పిన సంగతి డాక్టరుకు చేర్చడమే తప్ప, మనమే డాక్టర్లం కాకూడదు. నేను చాలామంది ఆయాలను చూశాను, నాలుగేళ్లు వార్డులో తిరగ్గానే గోలీల పేర్లు చదివేస్తారు. అట్లాంటివాళ్ల దగ్గర నా కోడిపిల్లకు కూడా వైద్యం చేయించను.

ఇక పోశం సంగతి. నా కొలువులో ఎన్నో ఆపరేషన్లు చూశాను గానీ, ఒక మనిషి కడుపు గురించి డాక్టరు, పెళ్లాం, బాయి దోస్తులు, వరస క్వార్టర్ల వాళ్లు అందరూ తలో చెయ్యి వేసింది మాత్రం అదొక్కటే.

ఛాతీ పట్టుకుని వచ్చిన మనిషి

పోశం మా వెనక వరస క్వార్టర్లో ఉండేవాడు. బాయిలో టింబరు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. రోజంతా వంగి ఉండాలి, దుంగ భుజాన వేసుకుని వంగే నడవాలి. మనిషి ఎద్దులా ఉండేవాడు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, బువ్వకు కూర్చుని, అయిపోయాక ఒక తేన్పు తీసేవాడు. ఆ తేన్పు మా వంటింటి దాకా వినబడేది. మా అత్త "పోశం తిన్నడు, ఇగ మనం తిందాం" అనేది.

అట్లాంటి మనిషి ఒక రోజు షిఫ్టు మధ్యలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. మోసుకొచ్చారు. అందరూ గుండె అనుకున్నారు. పెళ్లాం రాజవ్వ వార్డు గుమ్మం దగ్గరే శోకాలు మొదలుపెట్టింది. డాక్టర్లు మిషను పెట్టి, తీగలు తగిలించి చూసి, గుండె గుర్రంలా ఉందన్నారు. రాజవ్వ ఏడుపు ఆపి అడిగింది.

"గుర్రమైతే గిట్లెందుకు కూలవడ్డది సారూ?"

మందు గోలీలు ఇచ్చి ఇంటికి పంపారు. తర్వాత నొప్పి ఇంకా ఎక్కువైంది. దుంగ ఎత్తడానికి వంగితే చాలు, కడుపులో ఉన్న పులుపంతా గొంతులోకి వచ్చేది. పడుకుంటే ఛాతీలో మంట. రాజవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆ పొగకు దగ్గు, దగ్గుకు పుల్లనీళ్లు. "సూసినవా అక్కా, దిష్టి ఎంత గనం ఉన్నదో" అని నాకే చూపించింది. బాయి దోస్తు మొగిలి కాక గోలీసోడా తాగించాడు. ఒక పెద్ద తేన్పు వచ్చి కాసేపు హాయిగా ఉండేది. దాంతో మొగిలి కాక తనకు తాను వైద్యుడైపోయాడు.

ఆ రోజుల్లోనే మా దవాఖానకు ఒక సర్జన్ గారు వచ్చారు. కోస్తా మనిషి, సన్నగా ఉండేవారు, తక్కువ మాట్లాడేవారు. పోశాన్ని వంగమని, లేవమని, పడుకోమని చూసి, ఎక్స్‌రే గదికి తీసుకుపొమ్మన్నారు. అక్కడ ఒక గ్లాసు నిండా తెల్లటి చిక్కటి మందు తాగించి, తల కిందికి వచ్చేటట్టు బల్ల వంచి ఫొటో తీస్తారు. పోశం గ్లాసు చూసి, "ఇంటికి సున్నం ఏసుడు ఎరుకే గని, కడుపుకు సున్నం ఏసుడు గిప్పుడే సూస్తున్న" అన్నాడు. తాగాడు పాపం. మర్నాడు డాక్టరుతో "మంచిగున్న సార్" అని, నా కొంగు పట్టుకున్నాడు.

"అక్కా, ఎవ్వలకు జెప్పకు. నా లోపటి రంగంత ఎల్లిపోయింది. తెల్లగ వడుతున్నది."

అది మందు రంగేనని, రెండు రోజుల్లో పోతుందని సిస్టరమ్మ చెప్పేదాకా అతను రాజవ్వకు పిల్లల బాధ్యతలు అప్పగిస్తూనే ఉన్నాడు.

సర్జన్ గారు ఎక్స్‌రే పట్టుకుని, పోశాన్ని కిటికీ దగ్గర నిలబెట్టి చెప్పారు. ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులాంటి కండ ఒకటి ఉంటుందట. అన్నం దిగే గొట్టం పోవడానికి దానికి ఒక కన్నం. ఆ కన్నం వదులై, కడుపు పైభాగం ఛాతీలోకి ఎగబాకుతోందట. హెర్నియానే, కానీ కనబడే చోట కాదు, లోపల. అందుకే వంగితే పులుపు పైకి పొంగుతోంది. గుండెకు ఏమీ కాలేదు.

పోశం చాలాసేపు ఆ నల్ల ఫొటో చూశాడు.

"అంటే సార్, రూఫు కూలలే. ఫ్లోరు ఉబ్బింది."

బాయిలో అట్లా జరుగుతుంది. కింద నేల పైకి లేచి దుంగలను ఎత్తేస్తుంది. సర్జన్ గారికి బాయి సంగతి తెలియదు. మేం చెప్పాక, అంతేనయ్యా అన్నారు. ఆ రోజు నుంచి పోశం తన జబ్బును ఫ్లోరు అనే పిలిచేవాడు. "ఇయ్యాల ఫ్లోరు మంచిగనే ఉన్నది అక్కా" అనేవాడు.

ఇటుకలు

కోత ముందే పెట్టరు. పొగాకు మానమన్నారు, రాత్రి పెందలాడే కొంచెమే తినమన్నారు, మందు ఇచ్చారు. ఇంకా, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టమన్నారు. తల ఎత్తుగా ఉంటే పులుపు పైకి రాదు. చిన్న మాటే, ఖర్చు లేని వైద్యం.

కొన్నాళ్లకు పోశం వచ్చాడు. మంట తగ్గలేదు. ఇటుకలు పెట్టావా అంటే పెట్టిన సార్ అన్నాడు. ఎన్ని అంటే, నాలుగు కాళ్లకు నాలుగు అన్నాడు.

సర్జన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రాజవ్వను అడిగితే ఆమె తడుముకోలేదు.

"మంచానికి నాలుగు కాళ్లున్నయి గద సారూ. రెండు కాళ్లకే వెడితె మంచం వంకర గాదా? ఈయిన జారి కిందవడడా?"

ఆ రోజు డ్యూటీ దిగి వాళ్లింటికి పోయి చూశాను. మంచం నాలుగు ఇటుకల మీద రాజసింహాసనంలా నిలబడి ఉంది. దాని కింద ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా, బొగ్గు గంప, ఆ మూల పిల్లలతో ఒక కోడి. కంపెనీ క్వార్టరులో జాగా అంటే బంగారం. రాజవ్వ మురిసిపోతూ చూపించింది, సారు ఎంత మంచి మాట చెప్పాడో, ఇక తేళ్లు కూడా ఎక్కవట. పక్కింటి వాళ్లు చూసి వాళ్లూ పెట్టారు. వాళ్లను చూసి అవతలివాళ్లు. మా వెనక వరసంతా మంచాలు గాల్లోకి లేచాయి. ఒక్కరికీ హెర్నియా లేదు.

కోడిని లేపి, ట్రంకు జరిపి, కాళ్లవైపు ఇటుకలు తీయించేసరికి రాజవ్వ మొహం వాడిపోయింది. ఇందులో మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. వైద్యం చెప్పినప్పుడు ఎందుకో కూడా చెప్పాలి. ఎందుకో తెలియకపోతే మనుషులు వాళ్లకు అక్కరకొచ్చే కారణం ఒకటి వాళ్లే పెట్టుకుంటారు.

లాంపు రూము

రెండు ఇటుకలతో రాత్రి మంట తగ్గింది. పగలు వంగితే మాత్రం అదే పులుపు. వంగకుండా టింబరు పని లేదు. బాయి ఆఫీసరు జాలిపడి పోశాన్ని పైన లాంపు రూములో కూర్చోబెట్టాడు. షిఫ్టుకు దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం. నీడపట్టు పని, చెమట పట్టని పని. ఇంకొకరైతే కొబ్బరికాయ కొట్టేవారు.

పోశం వారంలో చిక్కిపోయాడు. దవాఖానకు వచ్చి బల్ల మీద కూర్చుని నాతో అన్నాడు.

"నేను నిలవెట్టిన దుంగల కింద కూసొని బువ్వ తిన్నోళ్లు అక్కా. గిప్పుడు నా చేతుల దీపం దీస్కొని, నా మొకం సూడకుంట పోతున్నరు. మెడికల్ బోర్డు వాళ్లు అన్‌ఫిట్ అని రాసిన్రనుకో, ఇగ నేను మల్ల దిగ."

అదీ అతని బాధ. బాయికి పనికొస్తాడో లేదో తేల్చే ఆ బోర్డు వచ్చేలోగా ఫ్లోరు సరిచేయించుకుని మళ్లీ బాయిలోకి దిగాలి. అంతకుమించి అతనికి ఏదీ అక్కర్లేదు.

సర్జన్ గారు ఆపరేషన్ గురించి దాచకుండా చెప్పారు. నేను పక్కనే బకెట్టుతో ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. చాలామందికి పుల్లనీళ్లు ఆగిపోతాయి. కొందరికి కొన్నేళ్లకు మళ్లీ వదులవుతుంది. మొదట్లో మింగడం కష్టంగా ఉంటుంది. వాంతి రాదు, తేన్పు కూడా రాదు. తానూ ఈ ఆపరేషన్ ఎక్కువసార్లు చేయలేదు. అర్థమైందా పోశం, అని అడిగారు.

"అయింది సార్. మల్ల దిగొచ్చా?"

తల ఊపడం వేరు, అర్థం కావడం వేరు. పోశం చెవులు "పుల్లనీళ్లు ఆగిపోతాయి" దగ్గరే ఆగిపోయాయి. ఆ తర్వాతి మాటలు గాలికి పోయాయి. నా చెవుల్లో పడ్డాయి గానీ, నేను కూడా వాటి బరువు తెలుసుకోలేదు. తేన్పు రాకపోతే ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను.

కోత

థియేటరులో నా పని గుడ్డలు, బేసిన్లు అందించడం. పొట్ట పైభాగంలో నిలువుగా కోశారు. కాలేయాన్ని పక్కకు పట్టుకుని, ఛాతీలోకి పోయిన కడుపును మెల్లగా కిందికి లాగారు, బావిలో పడ్డ చేదను పైకి లాగినంత ఓపికగా. వదులైన కన్నాన్ని కుట్లతో బిగించారు. తర్వాత కడుపు పైభాగాన్నే తీసుకుని, అన్నం గొట్టం చుట్టూ, మెడకు రుమాలు చుట్టినట్టు చుట్టి కుట్టేశారు. మరీ బిగుసుకోకుండా గొట్టం లోపల ఒక లావు రబ్బరు గొట్టం ఉంచి మరీ కుట్టారు. ఇక కడుపు నిండితే ఆ రుమాలు బిగుసుకుని, లోపలి పులుపును పైకి రానివ్వదు. చూస్తుంటే ముచ్చటేసింది.

వార్డులో ముక్కుకు గొట్టం, చేతికి సెలైను. కొన్నాళ్లు నోటికి చుక్క లేదు. తర్వాత నీళ్లు, తర్వాత గంజి, జావ. మా మేట్రన్ సిస్టరమ్మ కేరళ మనిషి, చాలా గట్టిది. చూడడానికి వచ్చేవాళ్ల టిఫిను డబ్బాలన్నీ గుమ్మం దగ్గరే విప్పించేది. రాజవ్వ పై గిన్నెలో గంజి, కింది గిన్నెలో మేకమాంసం తెచ్చింది. సిస్టరమ్మ మూత తీయకుండానే, ముక్కుతోనే పట్టేసింది. ఆ కూర నా వాటాకు వచ్చింది. రాజవ్వ చేతి కూర గురించి నేను ఏం చెప్పినా తక్కువే.

కుట్లు విప్పారు. పోశం లేచి, నడిచి, మెల్లగా వంగాడు. గొంతులోకి ఏమీ రాలేదు. ఇంకోసారి వంగాడు. "అక్కా, ఫ్లోరు కదులతలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మెత్తటి బువ్వ, కొంచెం కొంచెం తినాలని చెప్పి ఇంటికి పంపారు.

డోలు

వారం తిరగలేదు, రిక్షాలో తెచ్చారు. పొట్ట డోలులా ఉబ్బి ఉంది. వేలితో కొడితే మోగుతోంది. మనిషి ఊపిరాడక నీలుగుతున్నాడు. వాంతి వస్తే బాగుండునని తన్నుకుంటున్నాడు, అది రాదు. వెనకాల మొగిలి కాక, రెండు చంకల్లో రెండు గోలీసోడాలు.

సర్జన్ గారు పరుగున వచ్చారు. పొట్ట చూసి ఆయన ముఖం పాలిపోయింది. ముక్కులోంచి గొట్టం దింపగానే బుస్సుమని గాలి వచ్చింది. సైకిల్ ట్యూబు పంక్చరైనట్టు, చాలాసేపు. పోశం మెల్లగా కళ్లు తెరిచాడు.

సర్జన్ గారు అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. మరీ బిగించి చుట్టానేమో అని తనలో తాను అనుకున్నట్టు మేట్రనుతో అన్నారు. మళ్లీ తెరవాలేమో, బోర్డుకు ఏమని రాయాలి అన్నారు. పోశం ఆ మాట విన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నా కొలువులో నాకు నచ్చిన పైవాళ్లు ఎవరంటే ఇట్లాంటివాళ్లే. పని చెడితే ముందు తన చేతినే అనుమానించేవాళ్లు. ఆయాను, నర్సును, రోగిని తిట్టడం మొదలుపెట్టే డాక్టర్లు కూడా ఉంటారు. వాళ్ల దగ్గర బకెట్టు అందించి పక్కకు తప్పుకోండి.

అప్పుడు రాజవ్వ నోరు విప్పింది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"సారూ, నాకైతే ఒకటే పరేషాన్. ఈయిన కడుపు నిండుతలేదు. ఎంత వెట్టినా నిండుతలేదు. బువ్వ వెట్టిన, జావ వోసిన, మల్ల వెట్టిన. తేన్పే వస్తలేదు."

సర్జన్ గారు తల ఎత్తారు. "తేన్పు వచ్చేదాకా పెడుతున్నావా?"

"మరి? తేన్పు రాకుంట ఇస్తారి ముంగటికెల్లి ఎట్ల లేస్తడు? ఆకలితోని లేపాల్నా మనిషిని?"

సిస్టరమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకప్పుడు అర్థమైంది. మా దిక్కు ఇళ్లలో మగవాళ్లు వడ్డించే ఆడదానితో చాలు అనరు. చాలు అంటే కూర బాగాలేదని చెప్పినట్టు. తేన్పు తీస్తే నిండిందని లెక్క, ఆమె గరిటె ఆగుతుంది. పెళ్లయిన నాటి నుంచి రాజవ్వ గరిటెకు ఆ తేన్పే బ్రేకు. ఇప్పుడు బ్రేకు కుట్లలో పోయింది. ఆమె పెడుతూనే ఉంది, అతను చాలు అనలేక తింటూనే ఉన్నాడు. కడుపు బిగిసిందని మొగిలి కాకతో చెప్తే, ఆయన తన పాత వైద్యం మొదలుపెట్టాడు, తేన్పు రప్పించడానికి సోడా మీద సోడా. లోపలికి పోయిన గాలికి బయటికి వచ్చే దారి లేదు.

"నీకు చెప్పాను కదయ్యా, తేన్పు రాదని" అన్నారు సర్జన్ గారు.

పోశం గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"జెప్పిన్రు సార్. మీరు గది జెప్పినప్పుడు నేను బాయిల ఉన్న."

చాలు

మళ్లీ తెరిచే పని తప్పింది. కానీ తేన్పు రాని మనిషికి నిండిందని ఆమెకు ఎట్లా తెలియాలి? అతనే నోటితో చెప్పాలి అన్నారు సర్జన్ గారు. తనముందే వడ్డించమన్నారు.

రాజవ్వ మంచం మీద పళ్లెం పెట్టి జావ పోసింది. పోశం తాగాడు. ఆమె మళ్లీ గరిటె ఎత్తింది. పోశం నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆమె పోసింది. అతను తాగాడు. ఆమె మళ్లీ ఎత్తింది. పోశం చుట్టూ ఉన్న మా అందరి ముఖాలు చూశాడు. టింబరు దుంగ భుజాన ఎత్తినప్పుడు కూడా అంత కష్టపడి ఉండడు. రెండు చేతులూ పళ్లెం మీద అడ్డంగా పెట్టాడు. రాజవ్వ ఆ చేతుల మీదే జావ పోసింది.

"కాలుతున్నది రాజవ్వా, చాలు" అన్నాడు.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. చాలు అన్నందుకు కాదు. అన్నేళ్ల సంసారంలో అతను ఆమెను పేరు పెట్టి పిలవడం వార్డులో ఎవరూ వినలేదు, ఆమె కూడా వినలేదు. పక్క మంచం మీది కాలు విరిగిన ముసలాయన "ఓ పోశం, అందరి ముంగట పెండ్లాం పేరు దీస్తవేందిరా" అన్నాడు. రాజవ్వ కొంగు ముఖానికి అడ్డం వేసుకుని గరిటెతో సహా వరండాలోకి పోయింది. అక్కడ నన్ను పట్టుకుని, "జావల ఉప్పు తక్కువైందా అక్కా? నిజం జెప్పు" అని అడిగింది.

ఉప్పు సరిగ్గానే ఉందని నమ్మించడానికి నాకు చాలా సేపు పట్టింది.

ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టడం నేర్పారు. బాగా నమలాలి, తిన్నాక వెంటనే పడుకోకూడదు, సోడా వాసన కూడా చూడకూడదు. మొగిలి కాకను వార్డుకు రానిచ్చారు గానీ, సిస్టరమ్మ ఆయన చంకలు తడిమి చూసి మరీ పంపేది.

అందరికీ ఒకటే కాదు

బోర్డు రోజు రావడానికి ఇంకా టైము ఉంది కాబట్టి ఈలోగా ఒక మాట. ఈ ఆపరేషన్ ఒక మంత్రం అనుకోకండి. పోశం తర్వాత ఆఫీసు గుమాస్తా ఒకాయన ఇదే జబ్బుతో వచ్చాడు. కుర్చీలో కూర్చునే పని, వంగే అవసరం లేదు. పొట్ట తగ్గించుకుని, చుట్ట మానేసి, రెండంటే రెండే ఇటుకల మీద పడుకుని, కోత లేకుండానే నెట్టుకొచ్చాడు. చివరిదాకా అప్పుడప్పుడు మంట అనేవాడు, అయినా హాయిగా బతికాడు. ఇంకొక ఆమెకు అదే చేతితో, అంతే చక్కగా ఆపరేషన్ చేశారు. ఇంటికి పోయి నెల తిరక్కుండానే బోరింగు నుంచి నీళ్ల బిందెలు మోసింది. ఎవరు మోస్తారు మరి, ఇంట్లో అందరూ మగవాళ్లే. రెండేళ్లకు మళ్లీ వదులైంది. సర్జన్ గారి కుట్లకు నేను వంక పెట్టను. ఆ ఇంటి మగవాళ్లకు పెడతాను. డిశ్చార్జి చేసేటప్పుడు రోగికి చెప్పే జాగ్రత్తలు సగం ఇంట్లోవాళ్లను నిలబెట్టి చెప్పాలి. రోగి ఎటూ తలే ఊపుతాడు.

బోర్డు

బోర్డు డాక్టరు వేరే చోటు నుంచి వచ్చాడు, పోశాన్ని ఎప్పుడూ చూడలేదు. రాజవ్వ, నేను బయట కిటికీ దగ్గర నిలబడ్డాం. ఊడ్చే వంక మీద నేను, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆమె.

వంగమన్నాడు. పోశం వంగాడు. ఆ డాక్టరు ఏదో రాసుకుంటూ, పక్కాయనతో మాట్లాడుతూ లేవమనడం మరిచిపోయాడు. పోశం వంగే ఉన్నాడు. లేవమనలేదు కాబట్టి లేస్తే ఫెయిల్ చేస్తారేమో అని వంగే ఉన్నాడు. రాజవ్వ చేతిలో నా కుచ్చిళ్లు ఊడిపోతున్నాయి. చివరికి మా సర్జన్ గారే దగ్గి, "ఇంకెంతసేపు చూస్తారు?" అన్నారు.

లేచి నిలబడ్డాడు. గొంతులోకి ఏమైనా వచ్చిందా అని అడిగారు. అప్పుడు పోశం అనే మాట నాకు తెలుసు. అందరిలాగే మంచిగున్న సార్ అంటాడు. లోపల నిజంగా పులుపు పొంగినా అదే అంటాడు, దిగాలనే ఆశ అట్లాంటిది. మా సర్జన్ గారికీ తెలుసు. ఆయన పోశం ముఖం చూడలేదు, కిటికీలోంచి రాజవ్వ ముఖం చూశారు. రాజవ్వ మొగుడి గొంతుకేసి చూస్తోంది. పులుపు వచ్చినప్పుడు అతను గుటక ఎట్లా వేస్తాడో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చూసి చూసి, ఆమె నా కుచ్చిళ్లు వదిలేసింది.

సర్జన్ గారు కాగితం మీద సంతకం పెట్టారు. బోర్డు డాక్టరూ పెట్టాడు. బాయిలోకి దిగొచ్చు. కానీ చాలా కాలం దాకా దుంగ ఎత్తకూడదు. పోశం ముఖం సగం వెలిగింది, సగం ఆరింది. బాయి ఆఫీసరే దారి చూపించాడు, కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, ఎక్కడ గుల్లగా ఉందో చెప్పే పని. దుంగలు కుర్రవాళ్లు ఎత్తుతారు, ఎక్కడ నిలబెట్టాలో పోశం చూపిస్తాడు. దిగడానికి ఏ పనైనా సరే అన్నాడు అతను.

మొదటి షిఫ్టు రోజు పొద్దున నాకు సెలవు. రాజవ్వ వచ్చి తోడు రమ్మంది. ఇద్దరం బాయి దారిలో దూరంగా నిలబడ్డాం. ఏటవాలు సొరంగం అది, నడిచే దిగుతారు. మొదట్లోనే పైకప్పు తక్కువ, అందరూ వంగాలి. పోశం దీపం తలకు పెట్టుకుని, మొగిలి కాక వెనకాల, మిగతావాళ్ల మధ్య నడిచాడు. గుమ్మం దగ్గర వంగాడు. అతని చెయ్యి ఛాతీ మీదికి పోతుందేమో అని ఇద్దరం అదే చెయ్యి చూస్తున్నాం. ఆ చెయ్యి కర్రనే పట్టుకుని ఉంది. కొంచెం దూరం వంగే పోయాడు, ఆగలేదు. తర్వాత చీకట్లో దీపాలన్నీ కలిసిపోయాయి, ఏది అతనిదో తెలియలేదు.

రాజవ్వ ఇంకా కాసేపు చూసింది. తర్వాత కొంగు దులుపుకుని, "ఇగ పా అక్కా. పొయ్యి మీద పప్పు వెట్టొచ్చిన, అడుగంటుతది" అంది. నడకలో నేను ఆమెను అందుకోలేకపోయాను.

ఇంతే బిడ్డలారా, చాయ్ చల్లారింది. మీరు ఏ వార్డులో నిలబడినా మీ చేతి నీళ్లు తాగినవాళ్లు లేచి ఇంటికి నడిచిపోవాలి. మీ ఇళ్లలో పొయ్యి ఆరకూడదు. తిన్నది దిగి కడుపులోనే నిలవాలి, బాయిలోకి దిగిన మనుషులు మాత్రం వేళకు పైకి ఎక్కి రావాలి.